ముప్పై కెరటాల్లో పై పది

కెరటాల రికార్డులు చదవడం నా వృత్తి. తీరానికి కాస్త దూరంగా లంగరేసి ఉంచిన పసుపుపచ్చ బోయా నీటితోపాటు లేస్తూ దిగుతూ ఉంటుంది. అందులోని పరికరం ఆ కదలికని సెకనుకు ఒకటికి మించి సార్లు కొలిచి ఒడ్డుకు పంపుతుంది. అరగంట కొలతలు కలిపితే ఒక రికార్డు. ఎనిమిది సెకన్లకో కెరటం వస్తోందనుకుంటే ఒక్కో రికార్డులో 225 కెరటాలుంటాయి. వీటన్నిటినీ చివరికి ఒకే ఒక్క అంకెగా మారుస్తాం. మత్స్యకారుల ఫోన్లలో ‘కెరటాల ఎత్తు ఒకటిన్నర మీటర్లు’ అని కనిపించేది ఆ అంకే.

అది అన్ని కెరటాల సగటు కాదు. కెరటాల్ని ఎత్తు ప్రకారం వరసబెట్టి, పైనున్న మూడో వంతుకి మాత్రమే తీసే సగటు. సిగ్నిఫికెంట్ వేవ్ హైట్ అంటాం. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యాన్ని ఒడ్డున దించే పడవల కోసం హరాల్డ్ స్వెర్‌డ్రప్, వాల్టర్ మంక్ అనే శాస్త్రవేత్తలు దీన్ని వాడుకలోకి తెచ్చారు. కెరటాలు ఎంత ఎత్తున్నాయని అనుభవమున్న నావికుణ్ణి అడిగితే అతను చిన్నాచితకా వాటిని లెక్కలోకే తీసుకోడు. అతని కంటి అంచనా ఈ పై మూడో వంతు సగటుకి దగ్గరగా వస్తుంది. ఇప్పుడు కంప్యూటర్ వేరే దారిలో ఈ అంకె తేలుస్తుంది గాని, దాని అర్థం మారలేదు.

విశాఖ ఫిషింగ్ హార్బర్లో మత్స్యకారుల సమావేశం పెట్టినప్పుడు ఒక పెద్ద వయసు సరంగు లేచి నిలబడి అడిగాడు: “ఏటమ్మా, మీటరున్నర అని సెప్పినారు. మా బోటు ముందు లేచింది మనిషెత్తు దాటిపోనాది. మరి మీ మిషను ఏటి కొలిసినట్టు?”

“బాబాయ్, నువ్వు చూసిందీ నిజమే, మిషను కొలిచిందీ నిజమే” అని బోర్డు మీద లెక్క వేసి చూపించాను. బులెటిన్లో మీటరున్నర అని ఉంటే, దానికంటే ఎత్తైన కెరటాలు సుమారుగా ఏడింటికి ఒకటి ఉంటాయి. అరగంటలో వచ్చే అన్నిటికంటే పెద్ద కెరటం రెండున్నర మీటర్ల దాకా లేవొచ్చు. దాదాపు మూడు వేల కెరటాలకు ఒకటి, చెప్పిన ఎత్తుకి రెట్టింపు, అంటే మూడు మీటర్లు దాటుతుంది. ఎనిమిది సెకన్లకొకటి చొప్పున మూడు వేల కెరటాలు రావడానికి ఆరు గంటల నలభై నిమిషాలు పడుతుంది. రాత్రంతా వేటలో ఉండే బోటుకి అది ఎదురుపడితే వింతేమీ లేదు. కెరటాల ఎత్తుల ఈ పంపకం ఇష్టం వచ్చినట్టు జరిగేది కాదు, దానికొక సూత్రం ఉంది. రేలీ అనే భౌతికశాస్త్రవేత్త ధ్వని తరంగాల కోసం రాసిన సూత్రమే సముద్రపు కెరటాలకీ సరిపోతుందని 1952లో లాంగే హిగ్గిన్స్ చూపించాడు.

సరంగు కాసేపు ఆలోచించి, “అయితే సెప్పినదానికి రెట్టింపు అనుకుని బయలెల్లాలన్నమాట” అన్నాడు. అంతకన్నా మంచి అనువర్తనం నేను ఏ పాఠ్యపుస్తకంలోనూ చదవలేదు. అప్పటినుంచి ఎవరికి చెప్పినా ఆ మాటే చెబుతున్నాను.

ఏడో కెరటం పెద్దదనే నమ్మకం ప్రపంచంలో చాలా తీరాల్లో ఉంది. పైన చెప్పిన ‘ఏడింటికి ఒకటి’ చూస్తే ఆ నమ్మకం పూర్తిగా గాలిలోంచి పుట్టలేదనిపిస్తుంది. కానీ సగటున ఏడింటికొకటి రావడం వేరు, ఆరు లెక్కపెట్టాక ఏడోది రావడం వేరు. పెద్ద కెరటాలు వరస పాటించవు. రెండు మూడు వెంటవెంటనే వచ్చి, తర్వాత చాలాసేపు ఒక్కటీ రాకపోవచ్చు. ఆరు లెక్కపెట్టి, ఏడోది దాటిపోయిందని ధైర్యంగా రాళ్ల మీదికి దిగేవాడికి ఈ తేడా ప్రాణం మీదికి తెస్తుంది.

డిగ్రీ విద్యార్థులు వచ్చినప్పుడు వాళ్లచేత ఒక పని చేయిస్తాను. జెట్టీ చివర, కెరటం ఇంకా విరగని చోట, స్తంభానికి సెంటీమీటర్ల గుర్తులు వేసి ఉంటాయి. ఒకరు కెరటం శిఖరం ఎంతవరకు వచ్చిందో, దాని వెనక నీరు ఎంతకి దిగిందో చదువుతారు. ఇంకొకరు రాస్తారు. మూడో మనిషి ఫోన్లో స్టాప్‌వాచ్ పట్టుకుంటాడు. మొదటి ఐదారు కెరటాల దగ్గర గొడవ తప్పదు. మధ్యలో లేచిన చిన్న గుబ్బని కెరటం అనాలా వద్దా అని వాదించుకుంటారు. ఆ వాదనే అసలు పాఠం అని నా అభిప్రాయం. ఏది లెక్కలోకి వస్తుందో ముందే తేల్చుకోకపోతే తర్వాత ఎంత గణితం చేసినా వృథా. నీరు తన సగటు మట్టాన్ని దాటి పైకి వెళ్లి, మళ్లీ కిందికి దిగితేనే ఒక కెరటం అని నియమం పెట్టుకుంటాం. ముప్పై కెరటాలు రాశాక వాటిని పెద్దదాని నుంచి చిన్నదానికి పేర్చి, పది కింద గీత గీస్తారు. ఒక పూట అన్నిటి సగటు 60 సెంటీమీటర్లు, గీత పైనున్న పది సగటు 95 వచ్చాయి. సూత్రం ప్రకారం కూడా మొత్తం సగటు, పై మూడో వంతు సగటులో సుమారు 63 శాతం ఉండాలి. తమ చేత్తో రాసిన ముప్పై అంకెలు పుస్తకంలోని సూత్రానికి అంత దగ్గరగా వచ్చినప్పుడు ఆ పిల్లల ముఖాలు చూడాలి. గణితం అంటే భయపడేవాళ్లే మళ్లీ ఇంకో ముప్పై కొలుద్దామంటారు.

ఒక్క కొలతని నమ్మకుండా వరసగా తీసుకోవడం నాకు ఇంట్లోనూ అలవాటైపోయింది. అమ్మ బీపీ ఒకసారి ఎక్కువ చూపిస్తే ఇల్లంతా కంగారు పడేది. ఇప్పుడు వారంపాటు ఒకే వేళకి, కాసేపు కూర్చోబెట్టి, కొలిచి రాసిపెడతాం. వైద్యులు చూడాలనుకునేదీ ఆ వరసే.

చేపల వేట దగ్గరికొస్తే కథ మారుతుంది. ఇక్కడ సగటు అనేదే తప్పుదారి పట్టిస్తుంది. ఉదాహరణకి ఒక బోటు పది ట్రిప్పుల్లో డీజిలూ ఐసూ ఖర్చులు పోగా మిగిలింది వరసగా ఇలా ఉందనుకోండి: రెండు వేలు, రెండు, మూడు, మూడు, నాలుగు, నాలుగు, ఐదు, ఆరు, ఎనిమిది, అరవై మూడు వేలు. మొత్తం లక్ష. ట్రిప్పుకి సగటు పది వేలు. కానీ పదింటిలో తొమ్మిది ట్రిప్పులు ఆ పది వేలకి కిందే ఉన్నాయి. వరసలో సరిగ్గా మధ్యనున్న విలువ, మీడియన్, నాలుగు వేలు. అప్పు ఇచ్చేవాడు లక్షని పదితో భాగించి వాయిదా నిర్ణయిస్తాడు. ఇంటి ఇల్లాలు నాలుగు వేలతో సంసారం నడపాలి. మత్స్యకార కుటుంబాల అప్పుల గురించి మాట్లాడే చోటల్లా నేను ఈ లెక్క తప్పకుండా చెబుతాను. సముద్రం సంపాదనని సమానంగా పంచదు. వాయిదా కట్టేవాళ్లకి మధ్య విలువ కావాలి, సగటు కాదు. పెద్ద వల పడిన రోజున కొంత పక్కన పెట్టే ఏర్పాటు ఉండాలి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకి వేట నిషేధం. ఆ 61 రోజులు వల పడదు గాని వాయిదా కట్టక తప్పదు.

చేపలు ఎక్కడ దొరికే అవకాశం ఉందో హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ సూచనలిస్తుంది. సముద్రపు పైపొర ఉష్ణోగ్రతనీ, నీటి రంగుని బట్టి అందులోని పచ్చని నాచుజీవుల మోతాదునీ ఉపగ్రహాలు చూస్తాయి. చల్లని నీరూ వెచ్చని నీరూ కలిసే అంచుల దగ్గర ఆహారం పోగవుతుంది, చేపలు అక్కడికి చేరతాయి. సూచన పనిచేసిందా లేదా అన్నది మాత్రం ఒక్క ట్రిప్పుతో తేలదు. సూచించిన చోటికి వెళ్లి ఖాళీగా వచ్చినవాడు తిట్టుకుంటాడు, ఒకసారి బోటు నిండినవాడు జీవితాంతం నమ్ముతాడు. ఒకే రోజు, ఒకే రకం వలతో, సూచన ప్రకారం వెళ్లిన బోట్లనీ తమ దారిన వెళ్లిన బోట్లనీ పక్కపక్కన పెట్టి చూడాలి. నిషేధానికి ముందు సూచన లేకుండా, నిషేధం తర్వాత సూచనతో వెళ్లి, “చూశారా, ఎంత తేడానో” అంటే ఒప్పుకోను. రెండు నెలలు వేట ఆగాక ఎటు వెళ్లినా చేప బాగానే పడుతుంది. పంటకి వేసిన కొత్త మందైనా, పిల్లాణ్ణి చేర్పించిన కొత్త ట్యూషనైనా నేను ముందు అడిగేది ఇదే: ఇది లేకుండా, మిగతా అన్నీ ఇలాగే ఉన్నవాళ్ల సంగతేమిటి?

ఏడాదిలో కొన్ని రోజులు మాకు ఫోన్లు ఆగవు. “సముద్రం వెనక్కి వెళ్లిపోయింది, సునామీ వస్తుందా?” అని. క్యాలెండరు చూస్తే చాలాసార్లు అమావాస్యో పౌర్ణమో, లేదా ఆ మర్నాడో అయి ఉంటుంది. సూర్యచంద్రులు ఒకే వరసలో లాగే ఆ రోజుల్లో పోటు బాగా ఎక్కుతుంది, పాటు బాగా దిగుతుంది. అష్టమి ప్రాంతంలో రెండూ మందగిస్తాయి. విశాఖలో పెద్ద పోటుకీ పాటుకీ మధ్య తేడా మీటరున్నర దాకా ఉంటుంది. నలభై అడుగులకి ఒక అడుగు చొప్పున దిగే ఇసుక వాలు మీద మీటరున్నర నీరు తగ్గితే అరవై మీటర్ల నేల బయటపడుతుంది. చూసేవాళ్లకి గుండె జారడం సహజమే.

ఇలాంటప్పుడు నేను లెక్కతోనే ధైర్యం చెబుతాను. పాటు రోజుకి దాదాపు రెండుసార్లు, ఏడాదికి 700 సార్లకి పైగా వస్తుంది. మన తీరాన్ని ముంచిన సునామీ అంటే ఈ తరం చూసింది 2004 డిసెంబరు 26 నాటిది. నీరు వెనక్కి వెళ్లడం రెండిటిలోనూ కనిపిస్తుంది కాబట్టి, ఆ ఒక్క గుర్తుని బట్టి సునామీ అనుకోవడం సరికాదు. తేడా వేగంలో ఉంది. పాటు దిగడానికి ఆరు గంటలు పడుతుంది, సునామీ ముందు నీరు నిమిషాల్లో వెనక్కి పోతుంది, ఎప్పుడూ బయటపడని రాళ్లు కూడా తేలతాయి. అలా నిమిషాల్లో జరిగితే ఫోను చేయకండి, ఎత్తైన చోటికి పరుగెత్తండి. 2004లో సుమత్రా దగ్గర భూమి కంపించాక అలలు విశాఖ చేరడానికి సుమారు రెండున్నర గంటలు పట్టింది. మూడు వేల మీటర్ల లోతు నీటిలో సునామీ గంటకి 600 కిలోమీటర్లకి పైగా వేగంతో కదులుతుంది. అంత దూరంలో భూకంపం పుడితే హెచ్చరించడానికి మనకి వ్యవధి ఉంటుంది. 2007 అక్టోబరు నుంచి ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం పనిచేస్తోంది. మళ్లీ పాటు దగ్గరికొస్తే, దాని సమయం ఇవాళ్టి కంటే రేపు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుందని తెలిసినవాళ్లకి మంగమారిపేట దగ్గరి సహజ శిలాతోరణాన్ని దగ్గర్నుంచి చూడడానికి ఏ పూట వెళ్లాలో కూడా తెలుస్తుంది.

తీరం కోత గురించి వచ్చే ఫోటోల్లోనూ మిగతా అన్నీ ఒకేలా ఉన్నవాటినే పోల్చాలి. ఫిబ్రవరిలో, పాటు వేళ తీసిన ఫోటోనీ, జూలైలో పోటు వేళ తీసిన ఫోటోనీ పక్కపక్కన పెట్టి సముద్రం బీచ్‌ని మింగేసిందంటే అది రుజువు కాదు. నైరుతి రుతుపవనాల కెరటాలు ఇసుక తోడుకుపోతాయి, తర్వాతి నెలల్లో కొంత తిరిగొస్తుంది. అదే నెల, అదే పోటు, వేర్వేరు సంవత్సరాలు అయితే మాట్లాడుకోవచ్చు. అలా చూసినా కోత కనిపించే చోట్లు మన తీరంలో ఉన్నాయి, వాటి మీద కచ్చితంగా పోరాడాలి. సరైన ఫోటోలతో పోరాడితేనే గెలుస్తాం.

దూరపు బంధువు ఒకరు భీమిలి దారిలో పల్లపు స్థలంలో ఇల్లు కొనబోతూ, “వందేళ్లకోసారి వచ్చే ఉప్పెన వస్తే తప్ప నీళ్లు రావన్నారు, ఇంకేం భయం అక్కా?” అన్నాడు. వందేళ్లకోసారి అంటే ఏ సంవత్సరమైనా వచ్చే అవకాశం ఒక శాతం అని అర్థం. ఒకసారి వచ్చాక తొంభై తొమ్మిదేళ్లు సెలవు తీసుకోదు. రాని అవకాశం 0.99. ఇరవై ఏళ్ల బ్యాంకు అప్పుకి 0.99ని ఇరవైసార్లు హెచ్చవేస్తే 0.82 వస్తుంది. అంటే అప్పు తీరేలోపు ఆ ఉప్పెన చూసే అవకాశం 18 శాతం. ముప్పై ఏళ్లకయితే 26 శాతం. ఆ శాతం కూడా స్థిరంగా ఉండదు. 1993 నుంచి 2015 వరకు ఉత్తర హిందూ మహాసముద్రంలో నీటిమట్టం ఏడాదికి 3.3 మిల్లీమీటర్ల చొప్పున పెరిగింది. పైగా మన తీరంలో అక్టోబరు, నవంబరు నెలల్లో సముద్ర మట్టం మార్చిలో కంటే ఎత్తుగా ఉంటుంది, పెద్ద తుపానుల కాలమూ అదే. 1977 నవంబరు 19 దివిసీమ, 2014 అక్టోబరు 12 హుద్‌హుద్, 2018 అక్టోబరు 11 తిత్లీ. గాలి పీడనం ఒక మిల్లీబారు తగ్గితే సముద్రం ఒక సెంటీమీటరు ఉబ్బుతుంది. హుద్‌హుద్ కేంద్రంలో పీడనం 950 మిల్లీబార్లకి పడింది. మామూలు రోజుల్లో అది 1010 ప్రాంతంలో ఉంటుంది. గాలి తోపు మొదలవకముందే అక్కడ నీరు 60 సెంటీమీటర్లు లేచి ఉన్నట్టే. ఇవన్నీ విని ఆ బంధువు ఎత్తు మీద వేరే స్థలం చూసుకున్నాడు. 18 శాతం చిన్నదా పెద్దదా అన్నది నేను చెప్పేది కాదు, సంతకం పెట్టేవాడు తేల్చుకోవాలి. కాని ఆ అంకె తెలియకుండా సంతకం పెట్టకూడదు.

ఇక నన్ను అన్నిటికంటే బాధపెట్టే విషయం. బీచ్‌లో పిల్లలు కొట్టుకుపోయారన్న వార్త చదవని నెల ఉండదు. ఎక్కువగా ఆదివారాలూ పండగలూ. దీన్నిబట్టి ఆదివారం సముద్రం పోటు మీద ఉంటుందనుకుంటారు కొందరు. సముద్రానికి వారాలు లేవు. ఆదివారం దిగేవాళ్లు ఎన్నో రెట్లు ఎక్కువ కాబట్టి ప్రమాదాల సంఖ్యా ఎక్కువే. వచ్చినవాళ్ల సంఖ్యతో భాగిస్తే మంగళవారం ఖాళీ బీచ్‌లో దిగిన ఒక్కడికి ముప్పు ఇంకా ఎక్కువ ఉండొచ్చు, చూసేవాళ్లూ కాపాడేవాళ్లూ లేరు గనక. గజ ఈతగాళ్లని ఎక్కడ నిలబెట్టాలో తేల్చడానికి మొత్తం సంఖ్య కావాలి, మీ పిల్లాణ్ణి దింపాలా వద్దా అన్నదానికి భాగించిన సంఖ్య కావాలి. కార్తీక పౌర్ణమి సముద్ర స్నానాల నాడు పున్నమి పోటూ, కార్తీకంలో ఎత్తుగా ఉండే సముద్ర మట్టమూ, ఇసకేస్తే రాలని జనమూ ఒకేచోట కలుస్తాయి.

గాలి లేదు, ఆకాశం నిర్మలంగా ఉంది, కాబట్టి సముద్రం శాంతంగా ఉంటుందనుకోవద్దు. ఎక్కడో దక్షిణ మహాసముద్రంలో పుట్టిన ఉబ్బు కెరటాలు నాలుగైదు రోజులు ప్రయాణించి మన ఒడ్డుకి వస్తాయి. వాటిని గుర్తుపట్టడానికి ఫోన్లో స్టాప్‌వాచ్ చాలు. పదకొండు శిఖరాలు లెక్కపెట్టండి, మొదటిదాని నుంచి పదకొండోదాని వరకు పట్టిన సమయాన్ని పదితో భాగించండి. ఆరేడు సెకన్లు వస్తే దగ్గరి గాలి లేపిన కెరటాలు. పద్నాలుగు, పదిహేను సెకన్లు వస్తే దూరం నుంచి వచ్చినవి. అవి చూడ్డానికి ఎత్తు తక్కువగా ఉన్నా ఇసుక మీద చాలా దూరం పాకి, తిరిగి వెళ్తూ కాళ్ల కింది ఇసుకని లాగేస్తాయి. పైగా గుంపులుగా వస్తాయి. రెండు గుంపుల మధ్య కొన్ని నిమిషాలు నీరు నిద్రపోయినట్టుంటుంది. ఐదు నిమిషాలు చూసి దిగినవాళ్లు ఆ విరామాన్ని మాత్రమే చూసి ఉండొచ్చు. ఇరవై నిమిషాలు ఒడ్డున కూర్చుని చూడండి, తర్వాత దిగండి.

చూసేటప్పుడు ఒకటి గమనించండి. వరసగా కెరటాలు విరుగుతున్న తీరంలో ఒకచోట మాత్రం నురగ లేకుండా, నీరు కాస్త ముదురు రంగులో, ప్రశాంతంగా కనిపిస్తే తల్లిదండ్రులు పిల్లల్ని సరిగ్గా అక్కడే దింపుతారు. అది దిగాల్సిన చోటు కాదు. కెరటాలు ఒడ్డుకి మోసుకొచ్చిన నీరంతా తిరిగి లోపలికి పోయే కాలువ అది. రిప్ కరెంట్ అంటారు. అక్కడ లోతు ఎక్కువ కాబట్టే కెరటం విరగదు. అది కిందికి ముంచదు, లోపలికి మోసుకెళ్తుంది. దానికి ఎదురు ఈదేవాళ్లు అలిసిపోయి మునుగుతారు. చిక్కుకుంటే ఒడ్డు వైపు ఈదకండి. తేలుతూ ఊపిరి నిలుపుకోండి, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదండి, కెరటాలు విరుగుతున్న చోటికి చేరాక వాటితోపాటు ఒడ్డుకి రండి. ఈత రాకపోతే తేలుతూ చెయ్యి ఎత్తి పిలవండి. ఒడ్డున ఉన్నవాళ్లు వెంటనే దూకకండి, తేలే వస్తువేదైనా విసరండి, తాడు వెయ్యండి.

ఈ నాలుగు వాక్యాలూ కోస్తాలోని ప్రతి బడిలో పిల్లలచేత చెప్పించమని ఉపాధ్యాయుల్ని వేడుకుంటున్నాను. పిక్నిక్ బస్సు ఎక్కే ముందు ఇన్‌కాయిస్ ఇచ్చే ఆ రోజు కెరటాల ఎత్తు చూడండి, దానికి రెట్టింపు అనుకోండి. సముద్రంలో ఆపద వస్తే కోస్ట్ గార్డు ఉచిత నంబరు 1554. ఇప్పుడే ఫోన్లో రాసిపెట్టుకోండి.